ఆర్మీ పోలో మ్యాచ్‌కి స్పాన్సర్ కావాలనుకునే బెజవాడ బట్టల బ్రాండ్‌కి

విజయవాడలోనో గుంటూరులోనో సొంత పేరుతో కాలర్ టీషర్టులు, చినోలు, బ్లేజర్లు అమ్మే బ్రాండ్ నాలుగైదు షోరూములకి పెరిగాక, ఏదో ఒక ఆటకి స్పాన్సర్‌గా వెళ్దామన్న మాట తప్పకుండా వస్తుంది. క్రికెట్ రేట్లు అందవు. గుర్రాల మీద ఆడే పోలో, అందులోనూ సైనిక జట్లు ఆడే పోలో, అందుబాటులో ఉన్నట్టు కనిపిస్తుంది. నిజంగానే అందుతుంది కూడా. కాకపోతే ఇక్కడ డబ్బు ఎక్కువగా పోయేది ఫీజు దగ్గర కాదు, లెక్క తప్పు వేసుకోవడం దగ్గర.

ఆ లెక్క ఏమిటంటే, గ్రౌండ్‌కి వచ్చే జనం మీ కస్టమర్లు కారు. మ్యాచ్ చూసేవాళ్లు ఢిల్లీలో, జైపూర్‌లో ఉంటారు. కొనేవాళ్లు బీసెంట్ రోడ్డులో, లక్ష్మీపురంలో, బ్రాడీపేటలో ఉంటారు. కాబట్టి మ్యాచ్ దగ్గర సరుకు తయారవుతుంది, అంటే ఫోటోలు, వీడియోలు, చొక్కా, పేరు. అమ్మకం జరిగేది ఇక్కడే. ఫీజు కింద రూపాయి పెడితే, దాన్ని ఇక్కడ వాడుకోవడానికి ఇంకో రూపాయి పక్కన పెట్టుకోండి. అంత లేకపోతే టోర్నమెంట్ మొత్తం తీసుకోకుండా ఒక్క జట్టు జెర్సీనో, బెస్ట్ పోనీకి, అంటే బాగా ఆడిన గుర్రానికి, కప్పే దుప్పటినో తీసుకోండి. చిన్నది తీసుకుని పూర్తిగా వాడుకోవడమే మేలు.

ఏ సీజన్, ఎవరి దగ్గరికి

మన దేశంలో పోలోని నడిపే సంస్థ ఇండియన్ పోలో అసోసియేషన్, 1892లో మొదలైంది. ఢిల్లీలో జైపూర్ పోలో గ్రౌండ్ మీద శరత్కాలం సీజన్ ఒకటి, ఫిబ్రవరి-మార్చి సీజన్ ఒకటి. జైపూర్‌లో చలికాలం. మనకి దగ్గరలో చూడాలంటే హైదరాబాద్ అజీజ్‌నగర్‌లో పోలో క్లబ్ ఉంది. సైన్యం వైపు జైపూర్‌లో ఉండే అశ్విక దళం, 61వ క్యావల్రీ పేరు అందరికీ తెలిసిందే. ఆర్మీ సర్వీస్ కోర్, రాష్ట్రపతి అంగరక్షక దళం లాంటి వాటికీ గుర్రపు స్వారీలో, పోలోలో పేరుంది.

మీ అమ్మకం కాలర్ టీషర్టులైతే ఫిబ్రవరి-మార్చి సీజన్ చూసుకోండి. శివరాత్రి దాటితే బెజవాడలో ఎండ మొదలవుతుంది, కాటన్ కాలర్ టీకి అదే అసలు సీజన్. ఫోటోలు ఉగాదికల్లా షోరూము గోడ మీద ఉంటాయి. బ్లేజర్లు, ఫుల్ షర్టులు అమ్మేవాళ్లకి శరత్కాలం మ్యాచ్ కార్తీకం పెళ్లిళ్లకి పనికొస్తుంది. దసరాని నమ్ముకోకండి. ఆ పదిరోజులూ చీరలదీ, ఇంటిల్లిపాది బట్టలదీ రాజ్యం, పోలో బోర్డు ఎవరికీ కనపడదు.

మ్యాచ్‌కి కనీసం ఐదు నెలల ముందు ఉత్తరం వెళ్లాలి. అది టోర్నమెంట్ నిర్వహించే క్లబ్ కార్యదర్శికో, నిర్వాహక కమిటీకో వెళ్లాలి. తెలిసిన కల్నల్ గారు ఉంటే పరిచయం చేయమని అడగండి, అంతవరకే. కాగితం మాత్రం క్లబ్ పేరునే నడవాలి, డబ్బు క్లబ్ లేదా రిజిస్టరైన సంస్థ బ్యాంకు ఖాతాకే వెళ్లాలి. యూనిట్‌లో ఎవరి చేతికీ నగదు ఇవ్వకూడదు, "ఖర్చులకి" అని కూడా. ఆ అధికారికి చెడ్డపేరు, మీకు ముగిసిన సంబంధం.

ఉత్తరం రెండు పేజీలు దాటక్కర్లేదు. మీ సంస్థ ఏమిటి, భాగస్వాములు ఎవరు, పాన్, జీఎస్టీ నంబర్లు, ఏమి ఇవ్వగలరు, బదులుగా ఏమి కావాలి. అదే గ్రూపులో మద్యం, గుట్కా, ఆన్‌లైన్ పందేల వ్యాపారం ఏదైనా ఉంటే ముందే చెప్పేయండి. వాళ్లు వెతికి పట్టుకుంటే అక్కడితో ఫైలు మూస్తారు. ఆర్మీ జట్టు ఉన్నచోట డిజైన్లు, పేర్లు, ఫోటోల సంగతి పై అధికారుల దాకా వెళ్లి రావాలి. రోజూ ఫోన్ చేస్తే ఫైలు కదలదు. వాళ్ల ఆమోదం కాగితం మీద వచ్చేదాకా ఒక్క చొక్కా కూడా ప్రింటుకి పంపకండి.

ఏమి అడగాలి, ఏది వదిలేయాలి

ఆట కొంచెం తెలిస్తేనే ఏ చోటికి విలువ ఉందో తెలుస్తుంది. జట్టుకి నలుగురు, జెర్సీ వెనక 1 నుంచి 4 అంకెలు. ఆటలో ఒక విడతని చక్కర్ అంటారు. ఒక్కో చక్కర్ 7 నిమిషాలు, గంట మోగాక ఇంకో 30 సెకన్లు. మ్యాచ్‌కి నాలుగో ఆరో చక్కర్లు. మైదానం పొడవు 300 గజాలు, వెడల్పు బోర్డులుంటే 160, లేకపోతే 200 గజాలు. గోల్ స్తంభాల మధ్య 8 గజాలు. గోల్ పడ్డ ప్రతిసారీ జట్లు వైపు మార్చుకుంటాయి, కాబట్టి ఏ చివర బోర్డు పెట్టినా ఒకటే.

పక్క బోర్డులు 11 అంగుళాల ఎత్తు మించవు. గ్యాలరీ నుంచి చూస్తే అది సన్నటి గీత. దాని మీద పేరు రాయించడానికి పెద్ద రేటు చెబితే ఒప్పుకోకండి. స్కోరు బోర్డు మంచి చోటు, ప్రతి ఫోటోగ్రాఫరూ చివర్లో దాన్నొకసారి తీస్తాడు. బహుమతుల వేదిక వెనక తెర తప్పనిసరి. పత్రికల్లో వచ్చే ఫోటో అదే.

జెర్సీ మీద అందరూ ఛాతీ అడుగుతారు. పరుగులో ఉన్న ఆటగాడు జీను మీద ముందుకి వంగి ఉంటాడు, ఛాతీ గుర్రం మెడ వైపే తిరిగి ఉంటుంది. కుడిచేతిలో స్టిక్ ఉంటుంది, ఎడమచేత్తో ఆడటాన్ని నియమాలే ఒప్పుకోవు. అందుకే కుడి ఛాతీని ఆ చెయ్యి కప్పేస్తుంది. ఆటలో కనపడేది వీపు. అంకెకి పైన, భుజాల కింద, 24 నుంచి 26 సెంటీమీటర్ల వెడల్పులో, 6-7 సెంటీమీటర్ల ఎత్తులో మీ పేరు అడగండి. ఛాతీ మీద చిన్నది, 8 సెంటీమీటర్లది చాలు. అది బహుమతుల ఫోటోకి.

అందరూ మరిచిపోయేది బెస్ట్ ప్లేయింగ్ పోనీ బహుమతి. ఫైనల్ అయ్యాక బాగా ఆడిన గుర్రాన్ని ముందుకి తెచ్చి దుప్పటి కప్పుతారు. ఆ దుప్పటి మీద మీ పేరుంటే జెర్సీకి పెట్టిన ఖర్చులో పదోవంతుకి అంతకంటే మంచి ఫోటో వస్తుంది. అది పాడయ్యేది కూడా తేలికే. ఫ్లెక్స్, రెక్సిన్ కప్పితే చప్పుడుకి గుర్రం బెదురుతుంది. శాటిన్ జారి కాళ్లలో పడుతుంది. 280-300 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) కాటన్ డ్రిల్ తీసుకుని, లోపల మెత్తటి లైనింగ్ వేసి, ఛాతీ దగ్గర పట్టీ, బకిల్ కుట్టించండి. పేరు రెండు వైపులా ఉండాలి, గుర్రం ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. అంచుకి మంగళగిరి నిజాం బార్డర్ వేయించుకుంటే ఎక్కడి బ్రాండో వేరే చెప్పక్కర్లేదు. జరీ మాత్రం ఒంటికి తగలకూడదు. ముందురోజు సాయంత్రం గుర్రం చూసుకునే సైసు చేతే ఒకసారి కప్పించి చూడండి. కొత్త బట్ట వాసన చూసి ముక్కు ఎగరేసి, చెవులు వెనక్కి పెట్టి, రెండు నిమిషాల్లో అలవాటు పడుతుంది. అదే మొదటిసారి ఫైనల్ రోజు బ్యాండు మోగుతుండగా కప్పితే అలవాటు పడదు.

జెర్సీ కుట్టించడం

షోరూములో అమ్మే కాలర్ టీ ప్యాటర్న్‌నే జట్టుకి పంపడం మొదటి తప్పు. అసలు ఆ పొట్టి చేతుల పీకే (చిన్న చిన్న గళ్లలా కనపడే అల్లిక బట్ట) చొక్కాకి మూలం టెన్నిస్ ఆటగాడు రెనె లకోస్ట్ 1920ల్లో కోర్టులో వేసుకున్నది. గుర్రం మీద కూర్చుని, చెయ్యి వెనక్కి తిప్పి, పూర్తిగా ఊపి కొట్టే మనిషికి దాని కట్ సరిపోదు. నాలుగు మార్పులు చేయించండి. వెనక వైపు పొడవు ముందుకంటే 5-6 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, లేకపోతే వంగగానే నడుం బయటపడుతుంది. చంక కింద చిన్న గసెట్ ముక్క వేయాలి, లేకపోతే మొదటి చక్కర్‌లోనే కుట్టు విడుతుంది. కాలర్ కొసల కింద దాగే గుండీ పెట్టాలి. గాలికి కాలర్ లేచి మొహానికి కొడితే ఆటగాడికి విసుగు, ఫోటోకి దండగ. ప్లాకెట్‌లో, అంటే మెడ కింద గుండీల పట్టీలో, జిప్ వద్దు, గట్టి ప్లాస్టిక్ గుండీ వద్దు, రబ్బరు గుండీలు మంచివి.

బట్ట ఆటకి 200-220 జీఎస్ఎం, కాటన్ 60 పాలియెస్టర్ 40 పీకే. షోరూములో అమ్మే జతకి 240 జీఎస్ఎం పూర్తి కాటన్ పెట్టుకోవచ్చు. ఆటలో అది చెమటకి తడిసి బరువెక్కుతుంది.

ఇక లెక్క. నాలుగు జట్ల టోర్నమెంట్ అనుకుందాం. జట్టుకి నలుగురు, ఒక రిజర్వ్, మొత్తం 20 మంది. ఒక్కొక్కరికి రెండేసి జెర్సీలు, 40. గుర్రం మీద ఉండే అంపైర్లు ఇద్దరు, బయట కూర్చునే థర్డ్ మ్యాన్ ఒకరు, ఒక అదనం, రెండేసి చొప్పున 8. వెరసి 48. అంపైర్ల రంగు రెండు జట్లతోనూ కలవకూడదు. ఒక్కో జట్టు రంగుకి పది చొక్కాలంటే, కిలో బట్టకి సుమారు మూడు చొక్కాల లెక్కన మూడున్నర కిలోలు. సాంపిల్, వేస్టేజ్ కలుపుకుని రంగుకి 5 కిలోలు తీసుకోండి.

చిక్కు ఇక్కడే వస్తుంది. తిరుప్పూర్ డయ్యింగ్ యూనిట్లకి 5 కిలోల రంగు ఆర్డరు ఆర్డరే కాదు. సాంపిల్ మెషీన్ మీద వేయిస్తే కిలో రేటు రెండు మూడింతలు అవుతుంది, షేడ్ కూడా నిలకడగా రాదు. అందుకని స్టాక్ షేడ్లు ఉన్న నిట్ వ్యాపారి దగ్గర షేడ్ కార్డు తెప్పించి, దాన్నే జట్లకి పంపి ఎంచుకోమనండి. విజయవాడ వస్త్రలతలో, కృష్ణవేణి మార్కెట్‌లో నేత బట్ట ఎంతైనా దొరుకుతుంది. ఒకే లాట్ పీకే కావాలంటే తిరుప్పూర్ వైపు చూడక తప్పదు. షోరూము కలెక్షన్ కూడా అదే రంగులో వేసే ఉద్దేశం ఉంటే కథ మారుతుంది. అప్పుడు పెద్ద లాటే వేయించి, అందులోంచే జెర్సీలు తీసుకోవచ్చు.

జట్టుకి తన రంగులు ఉంటాయి, రెజిమెంట్ జట్లకి మరీను. మీ బ్రాండ్ రంగు నారింజ అని వాళ్లని నారింజలోకి మార్చమని అడగకండి. వాళ్ల రంగు పట్టుకుని మీ పేరే తెలుపులోనో నలుపులోనో వేసుకోండి. రెండు జట్లూ ముదురు రంగులైతే సాయంత్రం వెలుగులో, దుమ్ములో అంపైర్‌కి తేడా తెలియదు, మార్చుకోమంటాడు. ప్రతి జట్టుకీ ఒక తెల్ల సెట్ అదనంగా ఉంటే ఆ గొడవ ఉండదు.

రంగు దిగడం ఇంకో ముఖ్యమైన సంగతి. ఆటగాళ్ల బ్రీచెస్, అంటే స్వారీ ప్యాంట్లు, తెల్లవి. మెరూన్, నేవీ బ్లూ చెమటకి దిగితే నడుం చుట్టూ గులాబీ, నీలం చారలు పడతాయి. లాట్ రాగానే తడిపిన తెల్ల కాటన్ గుడ్డతో పదిసార్లు రుద్దండి. ఆపైన ఉప్పునీళ్లలో ముంచిన ముక్కని తెల్లగుడ్డకి పిన్ను పెట్టి రాత్రంతా ఉంచండి. ల్యాబ్‌కి పంపితే వెట్ రబ్బింగ్ 3-4 గ్రేడ్‌కి తగ్గకూడదు. ష్రింకేజ్‌కి బట్ట మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి మూడుసార్లు ఉతికి ఆరబెట్టండి. 47.5కి దిగితే ఆ లాట్ వెనక్కే.

అంకెలు హీట్ ప్రెస్‌తో వేస్తారు. పాలియెస్టర్ కలిసిన మెరూన్ మీద తెల్ల అంకె వేస్తే నాలుగు రోజుల్లో అది గులాబీ రంగుకి తిరుగుతుంది. వేడికి పాలియెస్టర్‌లోని రంగు ఆవిరై ఫిల్మ్‌లోకి ఎక్కడమే కారణం. రంగు ఎక్కకుండా ఆపే బ్లాకర్ ఫిల్మ్ అడగండి, తక్కువ వేడి మీద వేయించండి. ప్రెస్ చేసిన రోజున చూసి బాగుందనుకోకుండా వారం ఆగి చూడండి. ఎంబ్రాయిడరీ చేయిస్తే లోపలి బ్యాకింగ్ పేపర్ మీద మెత్తటి కవర్ వేయించాలి, ఛాతీ ఒరుసుకుంటుంది.

సైజులు ఎస్, ఎం, ఎల్ అని అడగకండి. ఛాతీ, భుజం, పొడవు అంగుళాల్లో తెప్పించుకోండి. సర్వీస్ జట్లలో ఆటగాళ్లు చివరి నిమిషంలో మారతారు. సెలవు, కోర్సు, పోస్టింగు. అందుకే ప్రతి రంగులో 40, 42 సైజుల్లో అంకె వేయని చొక్కాలు రెండు, అంకెల ఫిల్మ్, చిన్న ప్రెస్ వెంట తీసుకెళ్లండి.

సైసులకీ, గుర్రాల దగ్గర పనిచేసే సవార్లకీ టోపీ, టీషర్టు ఇస్తే, ప్రతి గుర్రం ఫోటోలోనూ పక్కన మీ పేరుంటుంది. ఎండలో రోజంతా నిలబడేది వాళ్లే కాబట్టి ఇవ్వడం న్యాయం కూడా. యూనిట్ డ్రెస్ నియమం అడిగి ఇవ్వండి.

చిహ్నాలు, గుర్రం బొమ్మ

జెర్సీ ఎడమ ఛాతీ రెజిమెంట్ చిహ్నానిది. దానికి పైన గానీ, అంటుకుని గానీ మీ లోగో ఉండకూడదు. చిహ్నం ఫైలు వాళ్ల దగ్గరే తీసుకోండి, ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మని మీ డిజైనర్ చేత మళ్లీ గీయించకండి. ఈకల సంఖ్య, అక్షరం, రిబ్బన్ మడత ఏది తేడా వచ్చినా ఒక్క చూపులో పట్టేస్తారు, మొత్తం లాట్ తిప్పి పంపుతారు.

షోరూములో అమ్మే కలెక్షన్ మీద ఆ చిహ్నం, అడ్డకత్తులు, ర్యాంకు పట్టీలు, ఆర్మీ అన్న మాట ఏదీ ఉండకూడదు. భారత సైన్యం చిహ్నంలో అశోక సింహాలు ఉన్నాయి. వాటి వాడకాన్ని 2005 నాటి జాతీయ చిహ్న చట్టం కట్టడి చేస్తుంది. పేర్లు, చిహ్నాలని వ్యాపారానికి వాడటం మీద 1950 చట్టం వేరే ఉంది. "ఆర్మీ లుక్" అని మచ్చల ప్రింట్ వేద్దామనీ అనుకోకండి. 2022లో వచ్చిన కొత్త పోరాట యూనిఫాం డిజైన్‌ని సైన్యం తన పేరున రిజిస్టర్ చేయించుకుంది.

ఇంతే ఇబ్బంది పెట్టేది గుర్రం మీద స్టిక్ పట్టుకున్న మనిషి బొమ్మ. అది ఎవరిదో కాదు, అందరిదీ అని మనవాళ్ల నమ్మకం. రాల్ఫ్ లారెన్, యూఎస్ పోలో అసోసియేషన్ లాంటి వాళ్లు అలాంటి బొమ్మల్ని, పోలో పదం ఉన్న పేర్లని బట్టల తరగతిలో, అంటే 25లో, ట్రేడ్‌మార్కు చేసుకున్నారు. చొక్కా రకం చెప్పడానికి పోలో టీ అనడం వేరు, మీ బ్రాండ్ పేరు పక్కన పోలో చేర్చి గుర్రం ఎంబ్రాయిడరీ చేయడం వేరు. రెండోది చేసే ముందు ట్రేడ్‌మార్క్ లాయరుతో సెర్చ్ చేయించండి. మా సలహా అడిగితే గుర్రం జోలికే వెళ్లొద్దు. స్టిక్, బంతి కూడా వద్దు. మీ లోగో, మైదానం ఆకుపచ్చ, చక్కర్ అంకె, వీటితో బోలెడు డిజైన్ చేయొచ్చు.

యూనిఫాంలో ఉన్న అధికారి ఫోటో మీ ప్రకటనలో పెట్టకూడదు. "సైన్యం మెచ్చిన బట్ట" లాంటి మాట అంతకన్నా రాయకూడదు. సర్వీసులో ఉన్నవాళ్లు సరుకుకి ప్రచారం చేసినట్టు కనపడితే ఇబ్బంది పడేది వాళ్లు. ఆట ఫోటోలు కూడా క్లబ్ ఒప్పుకున్నవే వాడండి.

మ్యాచ్ రోజు

మన దగ్గర ఈవెంట్ అంటే ఫ్లెక్స్, బెలూన్లు, పేపర్ షాట్లు, తీన్మార్. ఇవన్నీ బెజవాడలోనే వదిలి వెళ్లండి. గాలికి టపటపలాడే ఫ్లెక్సు, ఎగిరిపోయే బెలూను గంటకి యాభై కిలోమీటర్లు దాటి పరుగెత్తే గుర్రానికి ఎలా కనపడుతుందో ఊహించుకోండి. పక్కల సుమారు 10 గజాలు, రెండు చివర్లా 30 గజాలు ఖాళీగా ఉండాలి, గుర్రాలు ఆగడానికి ఆ చోటు కావాలి. బ్యానర్లు ఆ గీత అవతలే, గట్టి ఫ్రేముకి నాలుగు వైపులా బిగించి, గాలి వెళ్లే మెష్ బట్ట మీద ఉండాలి. పక్కకి పడే రోలప్ స్టాండీలు టెంటు లోపల తప్ప వద్దు. కంటోన్మెంట్ నేల మీద రాతపూర్వకమైన అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి. మీ సిబ్బంది పేర్లు, ఆధార్, బండి నంబర్లు పదిరోజుల ముందే ఇవ్వాలి. గేటు దగ్గర కొత్త పేరు చేర్చడం కుదరదు.

సగం ఆట అయ్యాక ఐదు నిమిషాల విరామంలో జనాన్ని మైదానంలోకి పిలుస్తారు, గిట్టలకి లేచిన గడ్డి పెళ్లల్ని కాలితో నొక్కమని. మీ అతిథులకి రోజంతటిలో బాగా గుర్తుండేది ఆ ఐదు నిమిషాలే, మీ కెమెరామన్ అక్కడ ఉండాలి. చదునైన చెప్పులు వేసుకు రమ్మని ఆహ్వానంలోనే రాయండి, హీల్స్ గడ్డిలో దిగిపోతాయి. గుర్రాలన్నీ బయటికి వెళ్లేదాకా ఎవరూ గీత దాటకూడదు.

వ్యాఖ్యాతకి మీ బ్రాండ్ పేరు ఎలా పలకాలో వాయిస్ మెసేజ్ పంపండి. తెలుగు పేర్లని ఉత్తరాది నాలుక తిప్పే తీరు తెలిసిందే. చక్కర్‌కి రెండుసార్ల కంటే ఎక్కువ చెప్పించకండి, చెవికి మొహం మొత్తుతుంది.

బహుమతుల దగ్గర వరస, ఎవరు ఎవరికి ఇవ్వాలి, ఎవరెక్కడ నిలబడాలి అన్నది పూర్తిగా నిర్వాహకులకి వదిలేయండి. శాలువా బదులు మంగళగిరి కండువా కప్పుతామంటే సంతోషంగా ఒప్పుకుంటారు. కొండపల్లి బొమ్మలు ఇవ్వాలనుకుంటే రెండు నెలల ముందు ఆర్డరివ్వండి. తెల్లపొణికి కర్ర తేలికే గానీ రంగు పెచ్చులూడుతుంది, ఒక్కోదానికి వేరే పెట్టె ఉండాలి. 61వ క్యావల్రీ వాళ్లకైతే మాటల సందర్భంలో నిజాం కాలపు గుర్రపు దళం హైదరాబాద్ లాన్సర్స్ ప్రస్తావన తేవచ్చు. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకం దగ్గరున్న మూడు సైనిక విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌కి గుర్తు, సంస్థానాల అశ్విక దళాల నుంచే 1953లో ఆ రెజిమెంట్ పుట్టింది. మనవైపు నుంచి వెళ్లినవాళ్లకి అంతకంటే మంచి పలకరింపు లేదు.

ఇక్కడే ఒక మ్యాచ్ పెడితే?

ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. వద్దు. చుట్టూ వదిలే ఖాళీ చోటుతో కలిపి మైదానానికే 12 ఎకరాలు దాటుతుంది, ఇందిరాగాంధీ స్టేడియంలో పట్టదు. మన నల్లరేగడి ఎండకి నెర్రెలిస్తుంది, వానకి బురదవుతుంది, రెండూ గుర్రం కాలు విరగడానికే. ఎనిమిది మంది ఆటగాళ్లకి తలా రెండు మూడు చొప్పున ఇరవై గుర్రాల దాకా కావాలి, ఎందుకంటే ఒకే గుర్రాన్ని వరుస చక్కర్లలో దించరు. వాటిని హైదరాబాద్ నుంచి 270 కిలోమీటర్లు లారీల్లో తేవాలి, గ్లాండర్స్ (గుర్రాలకి వచ్చే అంటురోగం) పరీక్ష, పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. ఆ డబ్బుతో ఫైనల్‌ని షోరూములో తెర మీద చూపించండి. ఆడిన జెర్సీని మట్టి మరకతో సహా ఫ్రేము కట్టి, పక్కన స్టిక్, హెల్మెట్, పగిలిన బంతి పెట్టండి. పిల్లలు స్టిక్ పట్టుకుని ఫోటో దిగుతారు. స్టిక్ నాలుగు అడుగులు దాటుతుంది కాబట్టి గాజు అద్దాలకి దూరంగా పెట్టండి.

ఒప్పందం, పన్నులు

సంతకం రోజు సగం, మ్యాచ్‌కి పదిహేను రోజుల ముందు 40 శాతం, ఫోటోలు, వీడియో చేతికొచ్చాక మిగతా 10. ఈ విడతలకి క్లబ్బులు సాధారణంగా అభ్యంతరం చెప్పవు. రద్దు షరతు జాగ్రత్తగా రాయించండి. వర్షం, గుర్రాలకి జబ్బు, జాతీయ సంతాపం, అన్నిటికంటే ముఖ్యంగా యూనిట్‌కి పిలుపు రావడం. సైనిక జట్టు రేపు రాలేకపోవచ్చు, దానికి వాళ్లు కారణం చెప్పరు, అడగకూడదు. అలాంటప్పుడు వేరే జట్టు దిగితే జెర్సీ హక్కు కొనసాగుతుందా, డబ్బు వచ్చే సీజన్‌కి జమ అవుతుందా అన్నది కాగితం మీద ఉండాలి.

స్పాన్సర్‌షిప్ మీద జీఎస్టీ 18 శాతం. క్లబ్ కంపెనీగా ఉంటే 2025 జనవరి 16 నుంచి తనే బిల్లులో వేస్తుంది. సొసైటీ, ట్రస్టు లాంటిదైతే, మీరు కంపెనీ గానీ భాగస్వామ్య సంస్థ గానీ అయినప్పుడు రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టాలి. అదీ క్యాష్ లెడ్జర్ నుంచే, ఉన్న క్రెడిట్‌తో సర్దడం కుదరదు. కట్టాక క్రెడిట్ తీసుకోవచ్చు. ప్రకటన కాంట్రాక్టుగా 2 శాతం టీడీఎస్ కోసి చెల్లించండి. జెర్సీలు ఉచితంగా ఇచ్చినట్టు రాస్తే వాటి మీద ఇన్‌పుట్ క్రెడిట్ పోతుంది. స్పాన్సర్‌షిప్‌లో భాగంగా, విలువ వేసి, ఒప్పందంలో చూపించమని ఆడిటర్‌తో మాట్లాడండి. షోరూము కలెక్షన్‌కి 2025 సెప్టెంబరు 22 నుంచి పీసు 2,500 రూపాయల దాకా 5 శాతం, దాటితే 18 శాతం. బ్లేజర్ వేయాలంటే ఈ గీత చూసుకుని ధర పెట్టండి.

ఈ ఖర్చుని సీఎస్ఆర్‌లో, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చులో, చూపిద్దామని కొందరు ఆడిటర్లే చెబుతారు. మార్కెటింగ్ ప్రయోజనం ఉన్న స్పాన్సర్‌షిప్‌ని సీఎస్ఆర్‌గా నియమాలు ఒప్పుకోవు. మాజీ సైనికులకీ, అమరుల కుటుంబాలకీ ఇచ్చేది ఆ కింద వస్తుంది, అది ఇవ్వాలనుకుంటే లోగో లేకుండా వేరే ఇవ్వండి.

టోర్నమెంట్ అయ్యాక చిహ్నం ఉన్న జెర్సీలు మిగిలితే సేల్ ర్యాక్‌లోకి గానీ, సిబ్బందికి గానీ వెళ్లకూడదు. లెక్కపెట్టి యూనిట్‌కి పంపి రసీదు తీసుకోండి. తిరుప్పూర్‌లో మిగిలిన రిజెక్ట్ పీసుల్ని కూడా తెప్పించి మీ కళ్లముందే కత్తిరించేయండి, లేకపోతే ఆరు నెలల్లో ఎవరో ఒకరు వాటిని ఫుట్‌పాత్ మీద కుప్పపోసి అమ్ముతుంటారు.